తొక్కల ప్రాజెక్టులో నేను రాసిన సున్నా

డిగ్రీ ఆఖరి సెమిస్టరులో మా ఇంట్లో తొక్క పారేయడం నేరమైపోయింది. నాన్న అరటిపండు తిని, తొక్క పట్టుకుని వాకిట్లోంచి కేకేసేవారు. "అమ్మాయ్, ఇది నీక్కావాలా, పక్కింటి గేదెకి వెయ్యనా?" నాకే కావాలి. రోజూ తనకు రావాల్సిన తొక్కలు నా కవరులోకి పోతుంటే ఆ గేదె గోడ మీదుగా నన్ను అదోలా చూసేది.

నేను తిరువూరులోనే డిగ్రీ చదివాను, మైక్రోబయాలజీ గ్రూపు. కరోనా సర్దుమణిగి కాలేజీలు మళ్లీ మామూలుగా నడుస్తున్న రోజులు. ఆఖర్న ఇద్దరిద్దరు కలిసి ఒక ప్రాజెక్టు చేయాలి. మా మేడం బోర్డు మీద అంశాలు రాసి, ముందు చేయెత్తిన వాళ్లకు ఇచ్చేశారు. పాలలో బ్యాక్టీరియా, బోరు నీళ్ల పరీక్ష లాంటి సులువైనవన్నీ పది నిమిషాల్లో అయిపోయాయట. అయిపోయాయట అని ఎందుకంటున్నానంటే ఆ పది నిమిషాలూ నేను అక్కడ లేను, స్కూటీకి పంక్చరు వేయిస్తున్నాను. వెళ్లేసరికి బోర్డు మీద ఒకటే మిగిలింది: పండ్ల తొక్కల నుంచి తీసిన సారానికి బ్యాక్టీరియాను ఆపే శక్తి ఉందా లేదా చూడటం. క్లాసులో కూడా ఒకే మనిషి మిగిలింది. ఎ.కొండూరు అవతల పల్లె నుంచి బస్సులో వచ్చే అమ్మాయి. ఆ రోజు వాళ్ల బస్సు లేటు. అలా ఆలస్యంగా వచ్చిన ఇద్దరం ఒక జట్టయ్యాం.

మూడేళ్లు ఒకే గదిలో కూర్చున్నా అప్పటిదాకా మేం పట్టుమని పది మాటలు మాట్లాడుకోలేదు. తనది మొదటి బెంచీ, నాది కిటికీ పక్క బెంచీ. తను గాజు గ్లాసు కడిగితే రెండుసార్లు కడిగి, వెలుతురుకు పెట్టి చూసి, మూడోసారి కడుగుతుంది. నేను ఒకసారి కడిగి చున్నీకి తుడుస్తాను. మేడం మా ఇద్దర్నీ చూసి, "బానే ఉంది. ఒకళ్లకి ఓపిక, ఒకళ్లకి స్కూటీ" అన్నారు.

స్కూటీ నిజంగానే పనికొచ్చింది. నాలుగు రకాల తొక్కలు కావాలి. అరటి మా ఇంట్లో ఉంది. దానిమ్మ, బత్తాయి తొక్కలు బస్టాండు దగ్గర జ్యూసు బండి ఆయన ఇస్తానన్నాడు. మొదటిరోజు కవరు చేతిలో పెడుతూ, "ఇంతకీ ఏం చేస్తారమ్మా వీటితో?" అని అడిగాడు. బ్యాక్టీరియాను చంపుతాయేమో చూస్తామన్నాను. ఆయన తన గ్లాసులు కడిగే బకెట్టు వైపు ఒకసారి చూసి, "చంపితే నాక్కూడా చెప్పండి" అన్నాడు.

పచ్చి మామిడి తొక్కలకు మాత్రం లోటే లేదు. అమ్మ మాగాయ పెట్టే రోజులు. కాయలన్నీ చెక్కు తీస్తేనే మాగాయ కాబట్టి ఒక పళ్లెం నిండా పచ్చటి తొక్కలు. చాలకపోతే నా జట్టు అమ్మాయి, ఇక స్నేహితురాలనే అంటాను, వాళ్లమ్మ ఉంది. సీజనులో రెడ్డిగూడెం వైపు మామిడి తోటల్లో కాయలు ఏరే పనికి వెళ్లేది. రాలిన కాయలు సంచీలో వేసి కూతురి చేత పంపేది.

తొక్కల్ని నీడలో ఆరబెట్టాలి. మా మేడ మీద రేకుల షెడ్డు కింద పాత చీర పరిచి, నాలుగు గళ్లుగా నాలుగు రకాలూ పోశాం. రెండో రోజు కోతులొచ్చాయి. అవి తినేస్తాయని నేను కర్ర పట్టుకుని పరిగెత్తేసరికి వాటికి అప్పటికే విసుగొచ్చేసింది. ఒక పెద్ద కోతి ఎండిన దానిమ్మ తొక్క కొరికి, మొహం వికారంగా పెట్టి, నా కాళ్ల దగ్గరికి విసిరేసి వెళ్లిపోయింది. నాలుగు గళ్లూ కలిసి ఒకటయ్యాయి. ఆ ఆదివారం నా స్నేహితురాలు చర్చి అవగానే బస్సెక్కి మా ఇంటికి వచ్చి, మేడ మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని, ఏ తొక్క ఏదో వాసన చూసి విడదీసింది. నేను పక్కన కూర్చుని కబుర్లు చెప్పాను. ఆ రోజే తెలిసింది, తనకు నవ్వొస్తే ఆపుకోలేదని. కోతి మొహం నేను నటించి చూపిస్తే తొక్కల మీద పడి నవ్వింది.

పొడి మా మిక్సీలోనే కొట్టాం. దాంతో మూడు రోజుల పాటు మా ఇంట్లో కొబ్బరి చట్నీ వగరుగా వచ్చింది. నాన్న అలాగే తినేసేవారు. అమ్మ మాత్రం, "మీ మేడాన్ని ఒకరోజు టిఫినుకి పిలువు. తింటే తెలుస్తుంది" అంది.

ఇక కాలేజీలో అసలు పని. పొడిని రెండు రోజులు స్పిరిట్‌లో నానబెట్టి, వడగట్టి, ఆ స్పిరిట్ అంతా ఆవిరైపోయే దాకా వేడినీళ్ల తొట్టి మీద ఉంచాలి. అడుగున ముద్దలా మిగిలేదే తొక్క సారం. దాన్ని నీళ్లలో కలిపి వాడాలి. చెప్పడానికి ఇంతే. కానీ ఏప్రిల్ నెల, మా ల్యాబులో కరెంటు ఉంటే ఉన్నట్టు, లేకపోతే లేనట్టు. తొట్టి కాస్త వేడెక్కేసరికి కరెంటు పోయేది. రికార్డు ఇవ్వాల్సిన రోజు దగ్గరపడుతోంది. మూడో రోజు మధ్యాహ్నం గిన్నెలో కాస్త పల్చగానే ఉన్నా, "ఇక చాల్లేవే, చిక్కబడింది" అన్నాను. తను మూత తీసి వాసన చూసింది. "ఇంకా స్పిరిట్ వాసన వస్తోంది కదే" అంది. "ల్యాబంతా అదే వాసన" అన్నాను నేను. తన ఊరి బస్సు టైమైంది. తను వెళ్లిపోయింది.

ప్లేట్లు పోయడం నా వంతు. గాజు పళ్లెంలో జున్నులా గడ్డకట్టే పదార్థం ఉంటుంది, అగార్ అంటారు. దాని మీద బ్యాక్టీరియాను పలుచగా పూసి, చిన్న గుంటలు తొలిచి, ఒక్కో గుంటలో ఒక్కో సారం వేస్తాం. మర్నాటికి బ్యాక్టీరియా మీగడ కట్టినట్టు పళ్లెమంతా పెరుగుతుంది. సారానికి శక్తి ఉంటే ఆ గుంట చుట్టూ మాత్రం ఏమీ పెరగదు, గుండ్రంగా ఖాళీ వలయం ఉంటుంది. దాన్ని స్కేలుతో కొలవాలి.

నాలుగు తొక్కలకు నాలుగు గుంటలు. ఐదోది కంట్రోలు. అందులో తొక్క ఏమీ లేని ఉత్త స్పిరిట్‌ను, సారంలాగే తయారుచేసి వేయాలి. దాని చుట్టూ కూడా వలయం వస్తే, చంపింది తొక్క కాదు స్పిరిటే అని అర్థం. మేడం క్లాసులో ఈ సంగతి ఎన్నిసార్లు చెప్పారో లెక్కలేదు. నేను నాలుగు గుంటలు శుభ్రంగా తొలిచాను. ఐదోది తొలుస్తుంటే అగార్ పగిలి అంచు దాకా చీలిపోయింది. రెండో ప్లేటులోనూ అంతే. మళ్లీ అగార్ కాచి, చల్లార్చి పోయాలంటే ఇంకో పూట. బయట ఎండ పేలిపోతోంది. ఐదో గుంట వదిలేశాను.

మర్నాడు మూత తీస్తే నాలుగు గుంటల చుట్టూ నాలుగు చక్కటి వలయాలు! మామిడిది అన్నిటికంటే కాస్త పెద్దది. నేను ల్యాబులో ఎగిరి గంతేశాను. నా స్నేహితురాలు స్కేలు పెట్టి కొలిచి, రికార్డులో రాస్తూ, ఆఖరి గడి దగ్గర ఆగింది.

"కంట్రోలు ఎంత?"

"సున్నా" అన్నాను.

"ఏ ప్లేటు?"

"వేరే ప్లేటులో వేశాలే, కడిగేశాను. ఏం రాలేదు." నేనే పెన్ను తీసుకుని ఆ గడిలో సున్నా చుట్టాను. అంత తేలిగ్గా ఎలా చుట్టానో ఇప్పుడు తలుచుకుంటే ఆశ్చర్యం. అబద్ధం ఆడుతున్నానని కూడా అనిపించలేదు. వేస్తే సున్నాయే వచ్చేది కదా, వేయకపోతే ఏంటి, అన్నదే నా లెక్క.

మేడం చాలా సంతోషించారు. ప్రిన్సిపాల్‌గారు వచ్చి చూశారు. ఆయన ఎవరికో ఫోన్ చేస్తే ఒక విలేకరి బండి మీద వచ్చి, మమ్మల్ని ప్లేట్లు పట్టుకుని నిలబడమని ఫోటో తీశాడు. మర్నాడు పేపరులో లోపలి పేజీలో మూల చిన్న వార్త: మామిడి తొక్కతో బ్యాక్టీరియాకు చెక్. ఫోటోలో మేడం, మేమిద్దరం. నా కళ్లు మూసుకుని ఉన్నాయి. అయినా అమ్మ పది పేపర్లు కొనిపించి చుట్టాలందరికీ పంచింది. జ్యూసు బండి ఆయన ఆ ముక్క కత్తిరించి గాజు పెట్టె మీద అంటించుకున్నాడు.

తర్వాతి సోమవారం నా స్నేహితురాలు కాలేజీకి రాలేదు. మంగళవారమూ రాలేదు. సాయంత్రం ఫోన్ చేస్తే చెప్పింది. "అమ్మ కాలు వాచిపోయిందే. నడవలేకపోతోంది."

మర్నాడు పొద్దున్నే స్కూటీ వేసుకుని వెళ్లాను. వాళ్లమ్మ అరుగు మీద కాలు చాపుకుని కూర్చుంది. మోకాలి కింద గడ్డికోతలో కొడవలి తగిలిన గాయం. అది చిన్నదే. దాని చుట్టూ జానెడు మేర చర్మం ఎర్రగా కమిలి, బొబ్బలెక్కి, నీరు కారుతోంది.

"ఏం రాశావత్తా?" అన్నాను. తోటల్లో పనిచేసే ఆమెను నేను అప్పటికే అత్తా అని పిలుస్తున్నాను.

"మందేమీ రాయలేదమ్మా. మామిడి తొక్క నూరి కట్టా." పక్కనున్న బైబిలు తెరిచి, అందులో దాచుకున్న పేపరు ముక్క తీసి చూపించింది. "మీరే కదా కనిపెట్టారు. మా తోటలో ఆడాళ్లందరికీ చూపించా. పుండు పడితే ఇదే కట్టుకోండే, మా పిల్ల చెప్పింది అని."

నా స్నేహితురాలు గుమ్మంలో నిలబడి ఏడుస్తోంది. "నేను కట్టమన్లేదమ్మా. ఎప్పుడన్నా అన్నానా?"

"నువ్వనడమెందుకే, పేపర్లో పడిందిగా!"

పచ్చి మామిడి సొన ఒంటికి తగిలితే బొబ్బలెక్కుతుందని ఆమెకు తెలియక కాదు. రోజూ ఆ సొనలోనే పని. అయినా కూతురి ఫోటో ఉన్న పేపరును అంతగా నమ్మింది. తనకు తెలిసిన దాన్ని కూడా పక్కన పెట్టి నమ్మింది.

ఆటో మాట్లాడి తిరువూరు ఆస్పత్రికి తీసుకొచ్చాం. డాక్టరుగారు గాయం కడిగిస్తూ, "పచ్చి తొక్క పుండు మీద ఎవరు పెట్టమన్నారమ్మా?" అని గట్టిగానే అడిగారు. ఆమె కూతురి వైపు గానీ నా వైపు గానీ చూడలేదు. "ఎవరూ చెప్పలేదండి. నా బుద్ధే" అంది. ఇంజెక్షన్ చేసి, కట్టు కట్టి, వారం రోజులు నేల మీద కాలు పెట్టొద్దన్నారు.

ఆమె లోపల పడుకుని ఉంటే మేమిద్దరం వరండాలో బల్ల మీద కూర్చున్నాం. నా స్నేహితురాలు వేళ్ల మీద ఏదో లెక్కపెట్టుకుంటున్నట్టు మాట్లాడుతోంది.

"సొన కాల్చిందంటే సరే. కానీ పుండులో చీము కూడా పట్టిందన్నారు. మన ప్లేటులో అంత పెద్ద వలయం వచ్చింది కదే. కంట్రోలు కూడా సున్నా కదా. మరి ఇక్కడ ఎందుకు పనిచెయ్యలా?"

ఒంటికీ గాజు పళ్లేనికీ తేడా ఉంటుందని చెప్పి తప్పించుకోవచ్చు. అది అబద్ధం కూడా కాదు. కానీ తను సున్నా అనగానే నేను పెన్నుతో చుట్టిన ఆ గడే కళ్ల ముందుకొచ్చింది.

"కంట్రోలు వెయ్యలేదే" అన్నాను.

"ఆఁ?"

"అగార్ చీలిపోయింది. మళ్లీ పొయ్యడానికి బద్ధకమేసి వదిలేశా. సున్నా ఊరికే రాశా."

తను నా మొహంలోకి చూడలేదు. ఎదురుగా ఉన్న మంచినీళ్ల డ్రమ్ము వైపు చూస్తూనే అడిగింది. "రికార్డు ఎక్కడుంది?"

"నా బ్యాగులో."

తీసి ఇచ్చాను. ఆ పేజీ తెరిచి, సున్నా మీద వేలు పెట్టింది. "దీని మీద మొదటి పేరు నాది" అంది. అరిచినా, తిట్టినా బాగుండేది. రికార్డు మూసి, ఒళ్లో పెట్టుకుని, లేచి వాళ్లమ్మ దగ్గరికి వెళ్లిపోయింది. ఆ రోజు నేను ఒక్కదాన్నే ఇంటికి వచ్చాను. అమ్మ మాగాయ ముక్కలు ఎండబెడుతూ రమ్మని పిలిచింది. ఆకలి లేదన్నాను. నా నోటి నుంచి ఆ మాట విని అమ్మ చేతిలో పని ఆపేసి నా నుదురు మీద చెయ్యేసి చూసింది.

మర్నాడు స్టాఫ్‌రూముకు వెళ్లేసరికి నా స్నేహితురాలు అప్పటికే గుమ్మం దగ్గర నిలబడి ఉంది. లోపలికి మాత్రం వెళ్లలేదు. రికార్డు నా చేతిలో పెట్టి, "నువ్వే చెప్పు" అంది.

చెప్పాను. మేడం వింటున్నంతసేపూ కళ్లజోడు తీసి చీర చెంగుతో తుడుస్తూనే ఉన్నారు.

"పేపర్లో ఫోటో నాది కూడా ఉంది, తెలుసా?"

"తెలుసండి."

"మా అత్తగారు దాన్ని ఫ్రేము కట్టించారు." ఒక్క క్షణం ఆవిడ పెదవి వణికింది. కోపమో నవ్వో తేల్చుకోలేకపోయాను. "మూడేళ్లు చెప్పిన పాఠంలో నీకు ఒక్క ముక్క గుర్తుండాలంటే కంట్రోలు గుర్తుండాలి. ఆ ఒక్కటే వదిలేశావు."

రికార్డు ఆవిడ ముందు పెట్టాను. ఆవిడ రికార్డు తెరిచి మరోసారి చూశారు. అప్పుడు గొంతు తగ్గించి అన్నారు. "నాలుగు వేరు వేరు తొక్కలకి నాలుగూ దాదాపు ఒకే సైజు. చూడగానే అనుమానం రావాల్సింది నాకు. నాకూ సంతోషం ఎక్కువై అడగలేదు." రికార్డు మూసేశారు. "వైవాకి తొమ్మిది రోజులుంది. పొడి మిగిలిందా?"

"ఉందండి" అంది గుమ్మంలోంచి నా స్నేహితురాలు.

"అయితే మొదట్నుంచీ చెయ్యండి. ఈసారి కంట్రోలు ముందు వెయ్యండి, తొక్కలు తర్వాత."

మొదట పాత సారాన్నే మళ్లీ పరీక్షించాం, పక్కనే ఉత్త స్పిరిట్‌ను కూడా అప్పట్లాగే అరకొరగా ఆరబెట్టి వేసి. మర్నాడు మూత తీశాను. కంట్రోలు గుంట చుట్టూ వలయం ఉంది. మామిడి వలయం ఎంతుందో అదీ అంతే. నేను కొలిచాను, తను కొలిచింది, మేడం కొలిచారు. మూడు స్కేళ్లూ ఒకే మాట చెప్పాయి. మేం పేపరులో వేయించుకున్నది స్పిరిట్ ప్రతాపం.

ఆ రోజులన్నీ నా స్నేహితురాలు నాతో పనికి సంబంధించిన మాటలే మాట్లాడింది. గిన్నె ఇవ్వు. దూది ఇవ్వు. కరెంటొచ్చింది, తొట్టి పెట్టు. వాళ్లమ్మ కాలు ఎలా ఉందని అడిగితే "తగ్గుతోంది" అనేది, అంతే. నేను కబుర్లు చెప్పడం మానేశాను. గ్లాసులు మూడుసార్లు కడిగి, వెలుతురుకు పెట్టి చూడటం నేర్చుకున్నాను. కరెంటు పోయినప్పుడల్లా సారం ఉన్న గిన్నెను కిటికీ దగ్గర పెట్టి, అట్టముక్కతో విసురుతూ కూర్చునేదాన్ని. వాసన పూర్తిగా పోయిందా లేదా అన్నది తను చూసేది. నా ముక్కు మీద తనకిక నమ్మకం లేదు, నాకూ లేదు. ఉత్త స్పిరిట్‌ను కూడా ఇంకో గిన్నెలో అదే విధంగా ఆరబెట్టి, అదే నీళ్లు కలిపి కంట్రోలుకు సిద్ధం చేశాం. అగార్ చీలకుండా గుంట తొలవడం ఎలాగో మేడం దగ్గర కూర్చుని సాధన చేశాను. గొట్టాన్ని గుచ్చేటప్పుడు కొద్దిగా తిప్పాలి, అంతే కిటుకు. ఆ మాట ముందే అడిగి ఉంటే రెండు నిమిషాల పని.

మధ్యలో ఒకరోజు ఆ విలేకరికి ఫోన్ చేశాను. మా ప్రయోగంలో పొరపాటు జరిగింది, మామిడి తొక్క పనిచేయదేమో, సవరణ వేయండని బతిమాలాను. ఆయన మర్యాదగానే మాట్లాడాడు. "పనిచేస్తే వార్తమ్మా. పనిచెయ్యకపోతే వార్తెలా అవుద్ది?" అన్నాడు. దాంతో మేడమే ఒక కాగితం రాసి కాలేజీ నోటీసు బోర్డులో పెట్టించారు. జ్యూసు బండి దగ్గరికి నేను వెళ్లాను. ఆయన ముక్క పీకేస్తూ, "ఫోటో ఉంచుకోవచ్చా?" అన్నాడు. వద్దన్నాను. తోటల్లో మాత్రం నా స్నేహితురాలి వాళ్లమ్మే కబురు పెట్టింది. కట్టు కట్టిన కాలు చూసిన వాళ్లకు వేరే నోటీసు అక్కర్లేదు కదా.

ఆఖరి ప్లేట్లు వైవాకు రెండు రోజుల ముందు తీశాం. ఈసారి మూత తీయమని నా చేతికి ఇవ్వలేదు తను. తనే తీసింది. అరటి గుంట చుట్టూ ఏమీ లేదు. బత్తాయి చుట్టూ ఏమీ లేదు. మామిడి చుట్టూ ఉందా లేదా అన్నట్టు గీతంత మసక, కొలిస్తే కొలతకు అందలేదు. కంట్రోలు చుట్టూ దట్టంగా, అంచు దాకా బ్యాక్టీరియా. దానిమ్మ చుట్టూ మాత్రం స్పష్టంగా వలయం ఉంది. పెద్దది కాదు. ముందటి వలయాల పక్కన పెడితే చిన్నపిల్ల ఉంగరమంత. అదీ మేం పూసిన రెండు రకాల బ్యాక్టీరియాలో ఒకదాని మీదే. రెండో రకం దాన్ని లెక్కే చేయలేదు.

తను ప్లేటు ఎత్తి కిటికీ వెలుతురులో తిప్పి తిప్పి చూసింది. "ఇది నిజంగా వచ్చిందే" అంది.

ఆ వారంలో అది తను నాతో అన్న మొదటి మామూలు మాట. నాకు ఏడుపొచ్చింది. ముక్కు చీదుకుంటుంటే, "ప్లేటు మీద పడతాయి, అటు తిరుగు" అంది.

రికార్డులో పాత పేజీ చింపేద్దామా అని నేను అడిగాను. తను ఒప్పుకోలేదు. చింపితే రెండోసారి అబద్ధమవుతుందంది. ఆ సున్నాను ఒక్క గీతతో కొట్టేసి, కింద "ఈ పరీక్ష చేయలేదు" అని నా చేత రాయించి, సంతకం పెట్టించింది. తర్వాతి పేజీ నుంచి కొత్త ప్రయోగం.

వైవాకు బయటి కాలేజీ నుంచి ఒక పెద్దాయన వచ్చారు. మాకంటే ముందు వెళ్లిన జట్ల రికార్డులు చకచకా తిప్పేసి పంపేశారు. మాది తిప్పుతూ ఆ కొట్టివేత దగ్గర ఆగిపోయారు. చదివారు. మళ్లీ చదివారు.

"ఈ సంతకం ఎవరిది?"

"నాదండి."

"ఎందుకు చెయ్యలేదు?"

"బద్ధకమేసిందండి."

ఆయన ముప్ఫయ్యేళ్ల సర్వీసులో ఆ జవాబు ఎవరూ చెప్పలేదేమో, కళ్లజోడు పైనుంచి చూశారు. తర్వాత నా స్నేహితురాలి వైపు తిరిగారు. "మూడు తొక్కలు సున్నా, ఒకటి అంతంత మాత్రం. ఇంత తక్కువ ఫలితం తెచ్చారేంటమ్మా?"

"వచ్చిందే తెచ్చామండి" అంది తను. "ఎక్కువ వచ్చింది కూడా ముందు పేజీలో ఉందండి. అది స్పిరిట్‌ది."

ఆయన నవ్వారు. దానిమ్మ ఒక రకం బ్యాక్టీరియానే ఎందుకు ఆపిందో అడిగారు. బ్యాక్టీరియా గోడల్లో తేడా గురించి తను చెప్పింది. మధ్యలో తడబడితే నేను అందుకున్నాను. ఆ సంగతి చదివి వెళ్లాను మరి. మార్కులు వచ్చాక చూస్తే మేం క్లాసులో మొదటి వాళ్లమేం కాదు. పాలలో బ్యాక్టీరియా చేసిన జట్టుకు మా కంటే ఎక్కువ వచ్చాయి. వాళ్ల పాలు ముందు నుంచీ నిజాయితీగానే ఉన్నాయి కాబట్టి నాకు అసూయ కలగలేదు.

ఇప్పుడు నేను విస్సన్నపేటలో ఒక రక్తపరీక్షల ల్యాబులో పనిచేస్తున్నాను. తను పీజీ పూర్తి చేసి ఒక కాలేజీలో పాఠాలు చెబుతోంది. తన దగ్గర ప్రాజెక్టు చేస్తూ మా ల్యాబుకు వచ్చి పరిచయమైన పిల్లలు నాకు ఫోనులో మొర పెట్టుకుంటుంటారు, మేడం మరీ స్ట్రిక్టండీ అని. గ్లాసులు మూడుసార్లు కడగమని చెబుతాను.

వైవా రోజు సాయంత్రం మాత్రం బాగా గుర్తుంది. తన బస్సు కోసం ఇద్దరం బస్టాండులో నిలబడ్డాం. నాకు ఉండబట్టలేక అడిగాను, ఇక నా మీద కోపం పోయినట్టేనా అని.

ఏ జవాబైనా తను ఆలోచించే ఇస్తుంది.

"నీతో మళ్లీ ప్రాజెక్టు చేస్తానో లేదో ఇప్పుడే చెప్పలేను" అంది. "సినిమాకైతే వస్తా."

ఆ శనివారమే మ్యాట్నీకి వెళ్లాం. వాళ్లమ్మ కూడా వచ్చింది, కాలు కాస్త కుంటుతూ, ఉతికిన గంజి చీర కట్టుకుని. మా ఇద్దరి మధ్యలో కూర్చుంది. కామెడీ వచ్చినప్పుడల్లా హాలంతా వినపడేలా నవ్వుతుంటే, నా స్నేహితురాలు సిగ్గుపడి సీట్లో కిందికి జారిపోయింది. నేను అత్తతో పాటు గట్టిగా నవ్వాను.